పద్దెనిమిదో అధ్యాయం

2025 నవంబరు 3, సోమవారం

ప్రిన్సిపాల్ శివపార్వతి గారు పిలిచి ఒక నవల చేతిలో పెట్టారు. పేరు ‘చుక్కలకొండ’. చారిత్రక నవల, మూడొందల పేజీలు. రెండో సంవత్సరం బీఏ పిల్లలతో చదివించి, ఈ నెల నాలుగు గురువారాలు దాని మీద చర్చ నడపాలట. “మీరైతే బాగా నడుపుతారు సాజిదా గారూ” అన్నారు. ఈ కాలేజీ మొత్తానికి తెలుగు లెక్చరర్ని నేనొక్కదాన్నే. ఇంకెవరితో పోల్చి చూశారో ఆవిడకే తెలియాలి. అయినా పొంగిపోయాను. నన్ను పొంగించడానికి ఎంత కొంచెం గాలి చాలో ఆవిడకి బాగా తెలుసు.

లైబ్రరీలో తొమ్మిది కాపీలే ఉన్నాయి. పిల్లలు ఇరవై మందికి పైనే. పంచుకుని చదువుకోమన్నాను. తొమ్మిది కాపీలూ ఎక్కువేనేమో అన్నట్టు చూశారు.

నవంబరు 5, బుధవారం

నవల పూర్తయింది. ఒక కొండకోట, ఆ కోటవాకిలి కాసే విరూపన్న, అతని భార్య గంగసాని, కొండ కింద గుడారాలు వేసుకుని కూర్చున్న సుల్తాను సైన్యం. ఈ కోట ఎక్కడా లేదు, అంతా కల్పన అని రచయిత ముందుమాటలోనే రాసుకున్నాడు. ఊరి కొండ మీద పాత కోట పెట్టుకుని కనిగిరి పిల్లలు వింటారా? ఇది మన కోటే అని రేపు కొట్టుకుంటారు.

గంగసాని నాకు తెగ నచ్చింది. నీళ్ళకడవ మోసుకుంటూ కొండెక్కే చోట ఆవిడతోపాటు నాకూ ఆయాసం వచ్చింది. పదిహేడో అధ్యాయం చివర విరూపన్న తలుపుకి అడ్డగడియ పెడుతున్నాడు. వంటింట్లో నిలబడి చదువుతూ, పెట్టు నాయనా త్వరగా పెట్టు అనుకుంటూ, పాలు మొత్తం పొంగించేశాను.

తర్వాత పద్దెనిమిదో అధ్యాయం. ఎవడో ద్రోహి గడియ తీస్తాడు. సుల్తాను సేనాని జబ్బార్ ఖాన్ లోపలికొచ్చి అధ్యాయం పొడుగునా నరుకుతాడు. ఆయన కళ్ళు ప్రతి పేజీలోనూ ఎర్రగానే ఉంటాయి. కళ్ళ డాక్టరుకి చూపించాల్సిన కేసు. మాంసం సగం ఉడికితే చాలు, తినేస్తాడు. మా ఇంట్లో కుక్కరు అన్ని విజిళ్ళూ వేస్తే గానీ మా ఆయన మాలిక్ ముక్క ముట్టుకోడు.

నాకేమీ బాధ లేదు. పాత్రని పాత్రగానే చూడాలి. ఇన్నేళ్ళుగా పిల్లలకి ఆ మాట చెబుతున్నదే నేను.

నవంబరు 6, గురువారం

మొదటి చర్చ. చర్చ అనడం నా మర్యాద. చదవడం మొదలుపెట్టింది అఖిల ఒక్కతే, సగం దాకా వచ్చింది. కోటేష్ యుద్ధాలు మాత్రం ఏరుకుని చదివాడట. భవ్య అట్టమీద బొమ్మ చూసి కథ చెప్పబోయింది. అనీస్ తలుపు పక్క బెంచీలో, పుస్తకం ముందు పెట్టుకుని, ఎప్పట్లాగే మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ తరగతిలో మావాడు అతనొక్కడే.

మావాడు అని రాశాను. అందరూ మావాళ్ళే. కొట్టేయడం లేదు, ఉండనీ. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

నవంబరు 9, ఆదివారం

పద్దెనిమిదో అధ్యాయం వచ్చే రోజుకి ఒక ఉపన్యాసం తయారుచేశాను. చాలా బాగా వచ్చింది. చరిత్ర వేరు, చారిత్రక నవల వేరు అని మొదలవుతుంది. రాజ్యాల కొట్లాటని మతాల కొట్లాటగా చూడకూడదని మధ్యలో వస్తుంది. చివర్లో జబ్బార్ కళ్ళ మీద ఒక చిన్న జోకు. జోకు ఎందుకంటే, మేడమ్ బాధపడలేదని పిల్లలకి తెలియాలి కదా.

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పైకే చెప్పుకుంటున్నాను. మాలిక్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. మోటార్లు వైండింగ్ చేసే మనిషి, చప్పుడు విని ఎక్కడ కాలిందో చెప్పేస్తాడు. ఎవరితో గొడవపడుతున్నావని అడిగాడు. గొడవేం లేదు, పాఠం అన్నాను. పాఠమైతే ఈనెలు గిన్నెలోకీ కాయలు చెత్తలోకీ ఎందుకు వేస్తున్నావని మళ్ళీ అడిగాడు. కాయలు ముదురుగా ఉన్నాయి అన్నాను.

నవంబరు 13, గురువారం

ఈ రోజు రాసి పెట్టుకోవాలి. నేను పుట్టిందే పాఠాలు చెప్పడానికి.

ఆరో అధ్యాయంలో గంగసాని జొన్నరొట్టెలోకి ఎండుమిరపకాయల కారం నంజుకుంటుంది. కోటేష్ లేచి, ఈ కథ జరిగే కాలానికి మనకసలు మిరపకాయ రాలేదు కదా మేడమ్, పోర్చుగీసు వాళ్ళు తర్వాతెప్పుడో తెచ్చారని హిస్టరీ సార్ చెప్పారు అన్నాడు. నేను రెండుసార్లు చదివాను, నా కంటికి ఆనలేదు. నా దృష్టి ఎంతసేపూ ఇంకో ఎరుపు మీదే ఉంది.

ఇంక చూడాలి క్లాసుని. దర్శి వైపు నుంచి వచ్చే పిల్లల ఇళ్ళన్నీ మిరప తోటలే. మిరపకాయ లేకుండా మన జిల్లాలో మనుషులు ఎట్టా బతికారని ఒకళ్ళు, మిరియాలతో బతికారని ఒకళ్ళు, పిప్పళ్ళని ఇంకొకళ్ళు. రచయిత తప్పు చేస్తే నవల పాడైనట్టా, కారం రుచి చదివేవాడికి తెలియడానికి ఆ మాట వాడుకున్నాడా అని అఖిల అడిగింది. ఎంత మంచి ప్రశ్న. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. పన్నెండో అధ్యాయం దాకా వెళ్ళాల్సింది, ఆరు దాటలేదు. దాటకపోతేనేం?

అనీస్ రాలేదు. పత్తి తీతలకి పోయి ఉంటాడు.

నవంబరు 14, శుక్రవారం

స్టాఫ్ రూములో అందరికీ మిరపకాయల చర్చ గురించి చెప్పాను. కొందరికి రెండోసారి కూడా.

నవంబరు 18, మంగళవారం

మిగిలిన రెండు గురువారాలకి ప్రణాళిక వేశాను. ఇరవయ్యో తారీకున పదిహేడు దాకా. ఇరవై ఏడున పంతొమ్మిది నుంచి చివరిదాకా. సమయాభావం వల్ల పద్దెనిమిది పిల్లలు ఇంట్లోనే చదువుకుంటారు. మిరపకాయలకి ఒక రోజు మొత్తం పోయింది కదా, ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి. పూర్తిగా సమయాభావమే.

ఉపన్యాసం వృథా అయిందని కాస్త చిన్నతనంగా ఉంది. అంతే.

నవంబరు 20, గురువారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పొద్దున క్లాసులో, సమయాభావం వల్ల పద్దెనిమిదో అధ్యాయం చర్చించడం లేదని చెప్పాను. అందరూ ఒక్కసారిగా తలలూపారు. ఇంత క్రమశిక్షణ ఈ పిల్లల్లో నేనెన్నడూ చూడలేదు. సంతోషించాను. తర్వాత కొండ మీద నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేవని కోటేష్ అడిగితే అరగంట దాని మీదే పోయింది. అప్పుడూ సంతోషించాను.

క్లాసయ్యాక నా కాపీ ఇంట్లో మర్చిపోయానని భవ్య దగ్గరున్నది అడిగి తీసుకున్నాను. స్టాఫ్ రూములో తెరిస్తే మధ్యలో కొన్ని పేజీలు విడివడలేదు. తడిసి అంటుకున్నాయేమో అనుకున్నాను. కాదు. స్టేప్లరు పిన్నులు. పద్దెనిమిదో అధ్యాయం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కలిపి, అంచు పొడుగునా కుట్టినట్టు కొట్టేశారు.

భవ్యని పిలిపించాను. తల వంచుకుని నిలబడింది. అందరం అనుకునే చేశామంది. తొమ్మిది కాపీలకీ కొట్టారట. చదివితే మీరు బాధపడతారని మేడమ్, అంది. మీ కాపీకి కూడా కొడదామనుకున్నాం, మీ బ్యాగులో ఉండిపోయింది, అని కూడా అంది.

మిరపకాయల గొడవ కూడా ఇందుకేనా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

“మొదట నిజంగానే వచ్చింది మేడమ్. తర్వాత కోటేష్ లాగాడు.”

నీళ్ళ సంగతో అన్నాను. అది మొదటి నుంచీ లాగిందేనంది.

ఎర్రకళ్ళ జబ్బార్ ఖాన్ అధ్యాయం పొడుగునా కత్తి పట్టుకుని తిరిగాడు. నన్నేమీ చేయలేకపోయాడు. ఈ పిల్లల పిన్నులు మాత్రం సూటిగా దిగాయి.

నవంబరు 21, శుక్రవారం

మాలిక్‌కి చెప్పాను. పిల్లలు మంచివాళ్ళు కదా, ఇంకేం కావాలన్నాడు. మంచివాళ్ళే. అదే బాధ. ఇన్నేళ్ళుగా వాళ్ళకి ఛందస్సు చెప్పాను, వాళ్ళ అక్కల పెళ్ళిళ్ళలో భోజనం చేశాను, కనిగిరిలో పుట్టి కనిగిరిలోనే ఉన్నాను. పుస్తకంలో ఒక ఖాన్ కనబడగానే నేను ఆయన మనిషినైపోయానా? నా మనసు నొప్పించకుండా చూసుకోవాల్సినంత చుట్టాన్ని ఎప్పుడయ్యాను?

ఇదంతా అన్నాక, మరి నువ్వెందుకు ఆ అధ్యాయం వదిలేశావన్నాడు.

సమయాభావం అన్నాను. మాలిక్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

నవంబరు 24, సోమవారం

భవ్య చెప్పిన దాంట్లో ఒక ముక్క అప్పుడు సరిగా పట్టించుకోలేదు. తొమ్మిది కాపీలన్నప్పుడు అనీస్ దగ్గరున్నది కూడా అందులోదే. పొద్దున భవ్యని మళ్ళీ అడిగాను. అతనికి చెప్పలేదట. పుస్తకం ఒకసారి ఇవ్వమని అడిగి తీసుకుని, పిన్నులు కొట్టి తిరిగి ఇచ్చారట. పదమూడో తారీకుకి ముందే. పత్తి తీతలు అని నేనే ఊహించుకున్నాను. వాళ్ళకి పత్తి చేను ఉందో లేదో కూడా నాకు తెలియదు.

మధ్యాహ్నం సైకిల్ స్టాండు దగ్గర అనీస్ కనిపిస్తే ఆపాను. గురువారాలు ఎందుకు రావడం లేదని అడిగాను.

“పుస్తకం అయిపోయింది కదా మేడమ్. పిన్నులు కొట్టేశారు.”

కోపంగా అనలేదు. బస్సు వెళ్ళిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. అంతకుముందే చదివేశావా అంటే, మొత్తం చదివానన్నాడు. ఈ గురువారం రమ్మన్నాను. దేనికి మేడమ్ అన్నాడు. పద్దెనిమిదో అధ్యాయం చేస్తున్నాం అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా నాకూ తెలియదు.

నవంబరు 26, బుధవారం

ఉపన్యాసం మళ్ళీ బయటికి తీశాను. జోకు తీసేశాను. మళ్ళీ పెట్టాను.

నవంబరు 27, గురువారం

ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి ముందు బెంచీలో ఫోను పట్టుకుని కూర్చున్నారు. చివరి చర్చ కదా, కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఫొటోలు కావాలి. అనీస్ వచ్చాడు. తలుపు పక్కనే కూర్చున్నాడు.

పద్దెనిమిదో అధ్యాయం తీయమన్నాను. ఎవరూ తీయలేదు. తీయడం కుదరదు కూడా. బ్యాగులోంచి కత్తెర తీసి అఖిలకిచ్చాను. పిన్నులు ఒక్కొక్కటే ఊడదీస్తుంటే తొమ్మిది పుస్తకాలకీ చాలాసేపు పట్టింది. ప్రిన్సిపాల్ గారు ఏంటమ్మా అది అన్నారు. బైండింగ్ ఊడిపోతుంటే కొట్టాం మేడమ్ అని కోటేష్ తడుముకోకుండా చెప్పాడు.

ఉపన్యాసం మొదలుపెట్టాను. బాగానే వెళుతోంది. చరిత్ర వేరు, చారిత్రక నవల వేరు. పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. వింటున్నారు అనుకున్నాను. అఖిల చెయ్యెత్తి, ఇది ఐదు మార్కుల ప్రశ్నా పది మార్కుల ప్రశ్నా అని అడిగింది.

ఆగిపోయాను. రాసుకోవద్దన్నాను. తర్వాత ఏం చెప్పాలో గుర్తు రాలేదు. జోకు కూడా గుర్తు రాలేదు.

“ఈ అధ్యాయం చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. నవల బాగాలేక కాదు, అప్పటిదాకా అంత బాగుంది కాబట్టి” అన్నాను. బల్ల పట్టుకుని నిలబడ్డాను. ప్రిన్సిపాల్ గారు ఫోను దించి ఒళ్ళో పెట్టుకున్నారు.

కోటేష్ లేచాడు. సారీ చెబుతాడనుకున్నాను. పర్లేదులే అనడానికి సిద్ధమయ్యాను కూడా.

“నాకు ఈ అధ్యాయమే బాగా నచ్చింది మేడమ్. మూడుసార్లు చదివా. కత్తియుద్ధం మొత్తం కళ్ళకి కట్టినట్టుంది. మీరు క్లాసులో అడిగితే నచ్చిందని ఎట్టా చెప్పాలో తెలీలా. అందుకే పిన్నులు కొట్టాం.”

నా మీద దయ అనుకుని వారం రోజులు కుమిలిపోయాను. కొంత దయ, కొంత వాళ్ళని వాళ్ళు కాపాడుకోవడం. దయ కూడా పూర్తిగా నా మీదది కాదన్నమాట. చెప్పలేనంత తేలికపడ్డాను.

అప్పుడు తలుపు దగ్గర్నుంచి అనీస్ మాట్లాడాడు. లేవలేదు, కూర్చునే మాట్లాడాడు.

“నాకూ నచ్చింది మేడమ్.”

అందరూ వెనక్కి తిరిగారు.

“కథ పొడుగునా నేను కోటలో విరూపన్నతోనే ఉన్నా. గడియ ఎవడు తీశాడా అని నాకూ కోపమొచ్చింది. జబ్బార్ లోపలికొస్తుంటే వీణ్ణి ఎవరన్నా నరికితే బాగుండనుకున్నా. తర్వాత వాడు చేతులు కడుక్కుని నమాజుకి నిలబడతాడు చూడండి, అక్కడ ఆగిపోయా. మా నాన్న ఎట్టా నిలబడతాడో అచ్చం అట్టాగే రాశాడు. అప్పటిదాకా కోట లోపల ఉన్నా కదా మేడమ్. ఆ వాక్యం కాడ చూసుకుంటే బయటున్నా.”

వంటింట్లో పాలు పొంగించుకుంటూ, పెట్టు నాయనా గడియ పెట్టు అన్నది నేనే. ఆ మాట ఈ కుర్రాడు ఇంత సూటిగా అన్నాడు, నా మూడు పేజీల ఉపన్యాసంలో ఎక్కడా లేదు.

కోటేష్ పుస్తకంలో వెతుకుతున్నాడు. పేజీలకి పిన్నుల బెజ్జాలు పడి ఉన్నాయి. ఆ చోటు దొరికింది. పైకి చదివాడు. “జబ్బార్ ఖాన్ చేతులు కడుక్కుని, పడమటికి తిరిగి, చేతులు కట్టుకుని నమాజుకి నిలబడ్డాడు. నమాజు ముగించి, ఇక ఒక్కణ్ణీ మిగల్చవద్దన్నాడు.” మళ్ళీ ఒకసారి లోపల చదువుకున్నాడు.

“మూడుసార్లు చదివాను మేడమ్. ఈ వాక్యం ఉందనే చూళ్ళా” అన్నాడు.

“నేను చూసింది అదొక్కటే” అన్నాడు అనీస్.

నేను అర్థవంతంగా ఏదో ఒకటి చెప్పి ముగించాల్సిన చోటు అది. కింద పడ్డ పిన్నులు ఏరడం మొదలుపెట్టాను. శివపార్వతి గారు లేచి చప్పట్లు కొట్టి, అందరూ పుస్తకాలు పైకి పట్టుకుని నిలబడండి, గ్రూప్ ఫొటో అన్నారు. నిలబడ్డాం. సాయంత్రం గ్రూపులో వచ్చింది. కింద ‘ఆహ్లాదకర వాతావరణంలో నవలా చర్చ’ అని ఉంది. ఫొటోలో మేమందరం పరామర్శకి వచ్చినట్టు ఉన్నాం.

నవంబరు 28, శుక్రవారం

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. చక్కగా జరిగింది గానీ, ఎందుకమ్మా ఈ తలనొప్పి, వచ్చే ఏడాది ప్రకృతి వర్ణనలున్న పుస్తకం ఏదైనా చూద్దాం అన్నారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. నా ముఖం చూసి, మంచినీళ్ళు కూడా తెప్పించారు. తాగాను. పుస్తకం మాత్రం పిల్లలే ఎంచుకుంటే బాగుంటుంది మేడమ్ అన్నాను. ఈ కాలేజీలో ఆవిడ మాటకి అడ్డు చెప్పడం నాకిదే మొదలు. గ్లాసు ఖాళీ అయ్యాక చెప్పాను.

మాలిక్ ‘చుక్కలకొండ’ షాపుకి తీసుకెళ్ళి పద్దెనిమిదో అధ్యాయం చదివాడు. ఇంటికొచ్చి, ఆపకుండా అన్ని పేజీలు నరికాడే, ఒక్కచోటైనా చెయ్యి నొప్పి పుట్టదా వాడికి అన్నాడు. విమర్శ అంటే ఇలా ఉండాలి.

కోటేష్, అనీస్ మాట్లాడుకుంటున్నారా లేదా తెలియదు. అడగలేదు. కారిడార్లో ఒకరు ఇటు పక్క నుంచి, ఇంకొకరు అటు పక్క నుంచి వెళ్ళడం చూశాను. నేనేదో బాగుచేశాను అని రాసుకోవాలని ఉంది. రాసుకోను. పిన్నులు తీయించాను, అంతే. బెజ్జాలు అలాగే ఉన్నాయి.

నవంబరు 30, ఆదివారం

అఖిల నిన్న ఫోను చేసింది. రేపు అందరం మన కొండెక్కుతున్నాం, కోట చూస్తాం, మీరూ రండి మేడమ్ అంది. గడియ ఒక్క మనిషి ఎత్తగలడా లేదా అని వాళ్ళకి వాదం వచ్చిందట. ఎవరెవరికి అంటే, కోటేష్‌కీ అనీస్‌కీ అంది. ఒక్క మనిషి ఎత్తలేడు, ద్రోహులు ఇద్దరుండాలి అని అనీస్ క్లాసు గ్రూపులో పెట్టాడట. ఇద్దరూ రాత్రి నుంచీ ఆపకుండా కొట్టుకుంటున్నారట.

వెళ్ళాను. సగం కొండ ఎక్కేసరికి నా మోకాళ్ళు నాతో మాట్లాడడం మానేశాయి. పిల్లలు ముందెళ్ళిపోయారు. నేను ఆగి ఆగి, ప్రతి బండ దగ్గరా చుట్టూ ఉన్న ప్రకృతిని చూస్తున్నట్టు నటిస్తూ ఎక్కాను. కింద మిరప చేలు పచ్చగా ఉన్నాయి, ఇంకా కాయ పండలేదు.

పైకి చేరేసరికి వాళ్ళు కూలిన గోడ దగ్గర ఉన్నారు. ఒకప్పటి వాకిలి అయ్యుంటుంది. తలుపు లేదు, రెండు పక్కలా రాతి కంబాలు, కింద గడపరాయి. కోటేష్ లోపలివైపు నిలబడి, ఎండుకొమ్మ ఒకటి గడియలాగా అడ్డం పట్టుకుని, అనీస్‌ని బయటి నుంచి తొయ్యమంటున్నాడు.

“నేనెందుకు బయట ఉండాలి? నువ్వు రా బయటికి, నేను లోపలుంటా” అన్నాడు అనీస్.

కోటేష్ ఒక క్షణం ఆలోచించాడు. కొమ్మ అనీస్ చేతికిచ్చి గడప దాటి బయటికొచ్చాడు. “గట్టిగా పట్టుకోరా, నేను జబ్బార్ని” అన్నాడు. “నీ మొహం, నీ కళ్ళు తెల్లగా ఉన్నయ్” అన్నాడు అనీస్. భవ్య నవ్వి నవ్వి కింద కూలబడింది. తర్వాత ఇద్దరూ నిజంగానే తోసుకున్నారు. కొమ్మ విరిగింది. ఒక్కడు చాలని కోటేష్, అది ఎండుకొమ్మ కాబట్టి లెక్కలోకి రాదని అనీస్. ఊళ్ళోకి వినబడేంత గట్టిగా అరుచుకుంటున్నారు. ఇన్ని గురువారాలు నేను నడపలేకపోయిన చర్చ అది.

ఇద్దరూ నా వైపు తిరిగారు. మేడమ్, మీరు లోపలా బయటా, రండి, ఇంకో కొమ్మ తెస్తామన్నారు. నాకు ఊపిరి అందడం లేదు. చేతికందిన కంబం పట్టుకుని, గడపరాయి మీదే కూలబడ్డాను.

“గడప మీద కూర్చోకూడదు మేడమ్” అంది భవ్య.

తెలుసు, మా అమ్మ కూడా అనేది. ఇప్పుడైతే లేవలేనమ్మా, కాసిని మంచినీళ్ళుంటే ఇవ్వు అన్నాను.